కొత్త కారు తలుపు మీద కంప గీతలు: ఎంత లోతో చూసి, అంతవరకే బాగుచేయించండి

ప్రశ్న: మాది ఒంగోలు. కారు కొని రెండు నెలలు కాలేదు, మెటాలిక్ బూడిద రంగు. పోయిన వారం కొత్తపట్నం వైపు మా అత్తగారి ఊరికి వెళుతుంటే, ఇరుకు దారిలో సరుగుడు కర్రల లోడుతో ట్రాక్టరు ఎదురొచ్చింది. దారి ఇద్దామని ఎడమ పక్కకు దిగితే చిల్లకంప రెండు తలుపుల మీదా గీసుకుపోయింది. కంపలో పాత ముళ్లతీగ కూడా ఉన్నట్టుంది. వెనక తలుపు కింది భాగంలో ఒక గీత లోతుగా పడి, బెత్తెడు మేర లోపలి రేకు మెరుస్తూ కనిపిస్తోంది. షోరూమువారు రెండు తలుపులకూ పూర్తిగా రంగు వేయాలని, ఇన్సూరెన్సులో అయిపోతుందని అంటున్నారు. మా వీధి చివర షెడ్డు పెయింటరు పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తానంటున్నాడు. మా బావమరిది మాత్రం టూత్‌పేస్టు పెట్టి రుద్దితే చాలంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: మీకు సలహా చెప్పిన ముగ్గురూ మూడు వేర్వేరు లోతుల గీతలకు మందు చెప్పారు. మీ కారు మీద ఉన్నది ఒకే రకం గీత కాదు. కంప కొసలు రాసుకుపోయిన సన్నటి చారలు వేరు, ముళ్లతీగ చెక్కిన గాటు వేరు. అన్నిటికీ ఒకే వైద్యం చేయించబోతే, ఉత్త పాలిష్‌తో పోయే చోట మంచి రంగును గీకించుకోవడమో, రంగు తప్పనిసరైన చోట పాలిష్‌తో సరిపెట్టుకోవడమో జరుగుతుంది. కాబట్టి ముందు ఏ గీత ఎంత లోతుకు దిగిందో తేల్చుకోండి. నా అభిప్రాయం మొదటే చెబుతాను: మీరు రాసిన దాన్ని బట్టి ముందు తలుపుకు రంగు అవసరం లేదు, వెనక తలుపు మీద మాత్రం ఆ బెత్తెడు మేర సంగతి ఈ వారంలోనే చూడాలి.

కారు రేకు మీద ఉండేది ఒక్క పూత కాదు. ఫ్యాక్టరీలో రేకును శుభ్రం చేసి ముందు జింక్ ఫాస్ఫేట్ పూత పట్టిస్తారు. ఆ తరువాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును ఆపే పూత అంటుకునేలా చేస్తారు. దాని మీద ప్రైమర్, ప్రైమర్ మీద మీరు ఎంచుకున్న రంగు, అన్నిటికీ పైన రంగు లేని పారదర్శకమైన క్లియర్ వస్తాయి. ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు, అంటే మనిషి తల వెంట్రుక మందం కంటే కొంచెం ఎక్కువ. అందులో క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లు. అసలు రంగు 15, 20 మైక్రాన్లకు మించదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు ఉండేది ఆ క్లియర్‌లోనే. పై పూతలను ఫ్యాక్టరీలో సుమారు 140 డిగ్రీల వేడి మీద కాలుస్తారు. సీట్లు, వైర్లు, రబ్బర్లు, ప్లాస్టిక్కులు బిగించిన కారును బయట ఎవరూ అంత వేడిలో పెట్టలేరు గనుక, మంచి వర్క్‌షాపులో కూడా 60, 70 డిగ్రీల దగ్గర ఆరే వేరే రకం రంగులను వాడతారు. అవి నాసిరకమని నేను అనడం లేదు. చేయి తిరిగిన పెయింటరు వేస్తే ఏళ్ల తరబడి నిలుస్తాయి. కానీ ఫ్యాక్టరీ పూత ఒకసారి పోతే మళ్లీ దొరకదు. రెండు నెలల కారు మీద దాన్ని ఎంత మిగుల్చుకుంటే అంత లాభం.

లోతు తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కారును నీడలో పెట్టి, షాంపూ నీళ్లతో దుమ్ము పూర్తిగా కడిగి, తుడిచి, పొడిగా ఉన్న గీత మీద వేలితో కొంచెం నీరు అద్ది చూడండి. నీటి తడి కింద గీత కనబడకుండా పోయి, ఆరగానే మళ్లీ తేలితే అది క్లియర్‌లోనే ఆగిందని అర్థం. పొడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపించినంత మాత్రాన ప్రైమర్ బయటపడిందని హడలిపోకండి. క్లియర్‌లో పడిన గరుకు గీత మీద వెలుతురు చెదిరినా తెల్లగానే కనిపిస్తుంది. రెండో పరీక్ష గోటితో. గోటి కొసను గీతకు అడ్డంగా, నొక్కకుండా నడిపించండి. జారిపోతే పాలిష్‌తో పోతుంది. సన్నగా తగిలీ తగలనట్టు ఉంటే పూర్తిగా పోకపోయినా బాగా మరుగున పడుతుంది. గోరు ఆగిపోయి, నీరు అద్దినా గీత రంగు మారకుండా ఉంటే అది క్లియర్‌ను దాటింది. మీ బెత్తెడు గాటుకు ఈ పరీక్షలు అవసరం లేదు, రేకే కనిపిస్తోంది కదా. కానీ దానికి రెండు పక్కలా గీత సన్నబడుతూ పోయే చోట్ల తప్పకుండా చేయండి. అక్కడ గీత లోతు అడుగడుగునా మారుతుంది.

గోటికి తగలని చారల విషయం తొందరగా తేలిపోతుంది. కాంపౌండ్, ఆపైన ఫినిషింగ్ పాలిష్. ఈ పని తెలిసినవారు చిన్న మెషీనుతో పూటలో పూర్తి చేస్తారు. అయితే కాంపౌండ్ గీతను పూడ్చదు, గీత చుట్టూ ఉన్న క్లియర్‌ను అరగదీసి దాన్ని సమం చేస్తుంది. ఒక్కో విడతలో పోయేది కొన్ని మైక్రాన్లే అయినా, ఉన్నదే 40, 50. మొండి గీత ఒక్కటి మిగిలిందని అదే చోట పదేపదే రుద్దిస్తే, నాలుగైదేళ్ల తరువాత మన ఎండలకు అక్కడి క్లియర్ పొరలుగా లేచిపోతుంది. తలుపు అంచుల దగ్గర, మడత తేలిన గీతల దగ్గర పూత ఇంకా పలచన, అక్కడ మరీ జాగ్రత్త. ‘తొంభై పాళ్లు పోతే చాలు’ అని ముందే చెప్పి పని అప్పగించండి. మీ బావమరిది గారి టూత్‌పేస్టులో ఉండేదీ మెత్తటి గరుకు పొడే. చాలా పైపై చారలు దానితో మాయమైనట్టు కనిపించవచ్చు, కాదనను. కానీ అది పళ్ల కోసం చేసింది, క్లియర్ కోసం కాదు. చారల బదులు మసక మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైన మాట: లోతైన గాటు దగ్గర టూత్‌పేస్టు గానీ, మెరుపు కోసం అమ్మే సిలికాన్ పాలిష్ గానీ, వ్యాక్స్ గానీ ఇప్పుడు పూయవద్దు. ముఖ్యంగా సిలికాన్ ఉన్న చోట తరువాత వేసే రంగు అంటుకోక, గుంటలు గుంటలుగా విడిపోతుంది.

ఇక గాటు సంగతి. రేకు బయటపడింది గనుక తుప్పు పట్టే అవకాశం ఏ ఊళ్లోనైనా ఉంటుంది. కానీ ఒంగోలు నుంచి కొత్తపట్నం, నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారుల్లో తిరిగే బండికి సముద్రపు గాలిలోని ఉప్పు అదనం. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తడిలో కరిగి తుప్పును వేగిరం చేస్తుంది. గాటు అంచుల్లో మొదలైన తుప్పు పూత కింద పక్కలకు పాకుతుంది. పైకి చిన్న పొక్కులా కనిపించే సరికి లోపల అంతకంటే ఎక్కువ మేర చేరి ఉంటుంది. అందుచేత రంగు వేయించడానికి నెల ఆగినా ఫరవాలేదు గానీ, రేకును గాలికి వదిలేసి ఆగకూడదు. ఈరోజే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తలుపు మొత్తం కనిపించేలా ఒకటి, గాటు దగ్గరగా ఒకటి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ తరువాత దాని మీద పారదర్శకమైన టేపు అతికించండి. ఎండకు జిగురు కరిగి అంటుకుపోతుంది గనుక ఆ టేపును రెండు మూడు రోజులకు మించి ఉంచవద్దు. ఇన్సూరెన్సు క్లెయిము చేయాలా వద్దా అనేది ఆ రెండు మూడు రోజుల్లోనే తేల్చుకోండి. నష్టాన్ని అంచనా వేయడానికి ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయరు చూడక ముందే టచప్ చేసుకుంటే, అంటే గాటు వరకే రంగు పెట్టుకుంటే, తరువాత క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

క్లెయిము లెక్క చాలామంది తప్పుగా వేస్తారు, షోరూమువారు అసలే వేయరు. మొదటి ఏడాది క్లెయిము లేకుండా గడిస్తే, రెన్యువల్‌లో ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగం) మీద 20 శాతం తగ్గింపు నో క్లెయిమ్ బోనస్‌గా వస్తుంది. ఆపైన ఏటేటా 25, 35, 45, 50 శాతానికి పెరుగుతుంది. ఇప్పుడు క్లెయిము చేస్తే పోయేది ఆ 20 శాతమొక్కటే అనుకుంటాం. కానీ మెట్లన్నీ ఒక్కో ఏడాది వెనక్కి జరుగుతాయి: మొదటి రెన్యువల్‌లో 20, రెండో దానిలో 5, ఆ తరువాత 10, 10, 5. ప్రీమియం మారదనుకుంటే ఐదేళ్లలో కలిపి ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం. ఉదాహరణకు ఆ ప్రీమియం 10,000 రూపాయలనుకుంటే నష్టం 5,000 దాకా వస్తుంది. కారు విలువ తగ్గేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజంగా కొంచెం తక్కువ ఉండవచ్చు. దీనికి తోడు, అరుగుదల కింద కోత పెట్టని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉన్నా తప్పనిసరిగా మీరు భరించవలసిన మొత్తం 1500 సీసీ లోపు కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించిన వాటికి 2,000 రూపాయలు. జీరో డిప్రిసియేషన్ లేకపోతే రంగు సామగ్రి ఖర్చులో సగం కూడా మీదే. బిల్లులో సామగ్రి, కూలి విడివిడిగా లేకుండా కలిపి వేస్తే, అందులో 25 శాతాన్ని సామగ్రిగా లెక్కిస్తారు. కాబట్టి పై ఉదాహరణలో బిల్లు ఐదారు వేల లోపు ఉంటే క్లెయిము దండగ. బోనస్‌ను కాపాడే అదనపు కవరు మీ పాలసీలో ఉంటే లెక్క మారుతుంది, కాగితాలు ఒకసారి తీసి చూడండి. ‘ఎలాగూ ఇన్సూరెన్సే కదా’ అని రెండో తలుపును కూడా బిల్లులోకి చేర్చే అలవాటు ఉంది. డబ్బు సంగతి అలా ఉంచినా, ఆ తలుపు మీది ఫ్యాక్టరీ పూత పోయేది మీకే.

క్లెయిము వద్దనుకుంటే ముందు టచప్ చేయమంటాను. దీన్ని మీరే చేసుకోవచ్చు. డ్రైవరు తలుపు స్తంభం మీదో, బానెట్ కిందో, డిక్కీలోనో కంపెనీ అంటించిన పట్టీ మీద రంగు కోడ్ ఉంటుంది. ‘బూడిద రంగు’ అని అడగకుండా ఆ కోడ్ చెప్పి, అదే కంపెనీ టచప్ పెన్ను, దానితో పాటు క్లియర్, చిన్న సీసా ఎపాక్సీ ప్రైమర్ తెచ్చుకోండి. పొద్దుటి పూట, నీడలో, రేకు చేతికి చల్లగా తగులుతున్నప్పుడు మొదలు పెట్టాలి. రోహిణి కార్తె ఎండలో కాలుతున్న తలుపు మీద రంగు పరుచుకోక ముందే ఆరిపోతుంది. ముసురు పట్టిన రోజు తేమ లోపలే చిక్కుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో గాటును తుడవండి. గోధుమ చాయ ఏమైనా పట్టి ఉంటే 600 నంబరు వాటర్ పేపరును సన్నటి పుల్ల కొసకు చుట్టి, గాటు లోపలే, పక్కల మంచి రంగుకు తగలకుండా గీకి మళ్లీ తుడవండి.

సీసాతో వచ్చే కుంచె ఈ పనికి లావెక్కువ. దానితో పూస్తే గాటు మీద గట్టు కడుతుంది, దూరం నుంచే తెలుస్తుంది. పళ్లు కుట్టుకునే పుల్ల కొసను ప్రైమర్‌లో ముంచి, సీసా మూతికి ఒకసారి రాసి, ఆ చుక్కను గాటు మధ్యలో తాకించండి. అది తనంతట తానే అంచుల దాకా పాకుతుంది. లాగవద్దు, పూయవద్దు. అలా చుక్క పక్కన చుక్కగా బెత్తెడు మేరా నడిపించి, సీసా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. తరువాత రంగు. మెటాలిక్ రంగులో అల్యూమినియం రేణువులు అడుక్కి దిగి ఉంటాయి, ఒకటి రెండు నిమిషాలు బాగా ఊపకపోతే తేరిన రంగే వచ్చి నల్లగా పడుతుంది. పలచగా రెండు మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య అరగంట ఎడం ఇవ్వండి. రంగు చుట్టుపక్కల మట్టానికి కొంచెం దిగువనే ఆగాలి, ఎందుకంటే దాని మీద క్లియర్ రావాలి. క్లియర్ మాత్రం మట్టానికి వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచినా నష్టం లేదు. వారం రోజులు కడగకుండా వదిలేసి, చిన్న రబ్బరు ముక్కకు చుట్టిన 2000 నంబరు వాటర్ పేపరుతో, సబ్బు నీళ్ల తడి మీద, ఆ ఎత్తును మాత్రమే దించి, చివర కాంపౌండ్ పట్టించాలి. ఈ చివరి అడుగు చేయి నమ్మకం లేనివారు వదిలేయవచ్చు. ఎత్తు కొంచెం కనిపిస్తుంది, అంతే. తుప్పు మాత్రం ఆగినట్టే.

ఇంత చేసినా గీత మాయం కాదు. మెటాలిక్ రంగును స్ప్రే గన్‌తో కొట్టినప్పుడు రేణువులు పడుకున్నట్టుగా పరుచుకుంటాయి, పుల్లతో పెట్టినప్పుడు ఎటుబడితే అటు నిలుస్తాయి. అందువల్ల కోడ్ అదే అయినా టచప్ చేసిన చోటు కొన్ని కోణాల్లో ముదురుగా కనిపిస్తుంది. మీ గాటు తలుపు కింది భాగంలో ఉంది. నిలబడి చూసేవారికి అందదు, వంగి చూసేవారికి దొరుకుతుంది. ఒకటి రెండు నెలలు దానితో తిరిగి చూడండి. అప్పటికీ కన్ను అక్కడికే పోతుంటే తలుపుకు రంగు వేయించుకోండి. టచప్ చేయడం వల్ల ఆ పనికి అడ్డేమీ రాదు, పెయింటరు ఎలాగూ ఆ చోటును గీకి మొదలు పెడతాడు.

రంగు వేయించే పక్షంలో షోరూమా, షెడ్డా అన్నది కాదు, పని ఏ వరుసలో చేస్తారన్నది అడగండి. సాయంత్రానికి ఇచ్చేస్తానన్న మాటలోనే నాకు అనుమానం ఉంది. కొన్ని షెడ్లలో ఇప్పటికీ డ్యూకో అంటూ వాడే నైట్రోసెల్యులోజ్ రంగు 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన రకం. థిన్నర్ ఎగిరిపోగానే ఆరుతుంది కాబట్టే అంత వేగం. అయితే మళ్లీ థిన్నర్ తగిలితే కరుగుతుంది, ఎండకు వెలుస్తుంది, గాలిలో తేమ ఎక్కువైన రోజు కొడితే మబ్బు పట్టినట్టు తెల్లబారుతుంది. మీకు కావలసింది హార్డెనర్ కలిపి కొట్టే పాలియురేథేన్ క్లియర్. దానిలోని రెండు భాగాలూ కలిసి రసాయనికంగా గట్టిపడతాయి. ఆ హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు పీల్చేవారికి ఉబ్బసం తెస్తాయి. తగిన మాస్కు లేకుండా, కుర్రాళ్ల చేత ముఖానికి తువ్వాలు కట్టించి కొట్టించే షెడ్డుకు నేనైతే బండి ఇవ్వను. హార్డెనర్ కలిసిన స్ప్రే డబ్బాతో ఇంట్లో కొట్టుకుందామన్న ఆలోచనకు కూడా ఇదే జవాబు.

తరువాత అడగవలసినవి షేడ్ గురించి. కోడ్ ప్రకారం కలిపిన రంగును ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి, క్లియర్ వేసి, ఆరాక మీ తలుపు పక్కన ఎండలో పట్టి చూపించమనండి. తడి రంగును డబ్బాలో చూపించి ‘కలిసింది సార్’ అంటే ఒప్పుకోవద్దు. గాటు చుట్టూ రంగు కొట్టి, దాన్ని తలుపులోనే క్రమంగా పలచన చేసి కలిపేసి, క్లియర్‌ను మాత్రం తలుపు అంచు నుంచి అంచు దాకా వేయాలి. క్లియర్‌ను తలుపు మధ్యలో ఆపి థిన్నర్‌తో కలిపేస్తే ఆ కలయిక గీత దగ్గరే కొన్నేళ్లకు పొర లేస్తుంది. హ్యాండిలు, బీడింగు విప్పించాలి. వాటి చుట్టూ టేపు వేసి కొడితే అంచుల్లో గట్లు మిగిలి, అక్కడి నుంచే ఊడడం మొదలవుతుంది. మెటాలిక్‌కు షేడ్ బొత్తిగా కలవకపోతే పక్క తలుపులోకి కూడా కొంచెం రంగు కలపవలసి వస్తుందని షోరూమువారు అంటే, అది అబద్ధం కాదు. కానీ అది పరీక్ష ముక్క చూశాక తేల్చవలసిన సంగతి, ఎస్టిమేటులో ముందే రాసేది కాదు. మీ గాటు అంచుకు ఎంత దూరంలో ఉందో కొలవండి. జానెడుకు మించి ఉంటే వెనక తలుపులోనే కలిపేయడానికి సాధారణంగా చోటు సరిపోతుంది. సొట్ట లేదు కనుక పుట్టీ అవసరం కూడా ఉండకూడదు. పుట్టీ పెట్టామని చెబితే ఎందుకో అడగండి. దుమ్ము చేరని మూసిన గదిలో, అంటే బూత్‌లో కొట్టి, వేడి మీద ఆరబెట్టే చోటైతే మంచిది. బూత్ లేని చోట ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ పని పెట్టుకోవద్దు.

కంపెనీ ఇచ్చిన పెయింటు, తుప్పు వారంటీల మీద బయట రంగు వేయించడం ఏ మేరకు ప్రభావం చూపుతుందో వారంటీ పుస్తకంలో చూసుకోండి. నోటిమాట మీద వదలకుండా సర్వీసు సెంటరు నుంచి రాతలో తీసుకోండి. కారు అమ్మేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది. ఈ రోజుల్లో పాత కార్లు కొనేవారు మందం కొలిచే మీటరు పట్టుకు వస్తున్నారు. ఇనుప రేకు మీద అది 110 మైక్రాన్లు చూపితే ఫ్యాక్టరీ పూత అనీ, 250 చూపితే మళ్లీ రంగు పడిందనీ గ్రహిస్తారు. ఈరోజు తీసిన ఫోటోలు, రంగు బిల్లు దగ్గరుంటే ‘యాక్సిడెంటు బండి’ అన్న మాట పడదు.

రంగు వేయించాక కనీసం నెల రోజులు వ్యాక్స్, సిరామిక్ కోటింగ్, పారదర్శకమైన ఫిల్మ్ ఏదీ వేయించవద్దు. లోపలి ద్రావకాలు ఇంకా బయటికి పోతూ ఉంటాయి. బండి డెలివరీ నాడే కోటింగ్ కలిపి ప్యాకేజీగా అంటగట్టబోతే, నెలయ్యాక వస్తానని చెప్పండి. సిరామిక్ కోటింగ్ ఉన్నంత మాత్రాన చిల్లకంప గీయకుండా ఉండదు, ముళ్లతీగ అసలే ఆగదు. కొంతవరకు అడ్డుకునేది మందపాటి ఫిల్మ్ మాత్రమే. మీరు చీమకుర్తి వైపు కూడా తిరిగేవారైతే, గ్రానైట్ లారీల వెనక వచ్చిన దుమ్మును పొడి గుడ్డతో తుడవకండి. ఆ పొడి క్లియర్ కంటే గట్టిది. ముందు ధారాళంగా నీళ్లు పోసి అది జారిపోయాకే గుడ్డ తాకించండి. టచప్ చేసిన చోటును కడిగిన ప్రతిసారీ ఒకసారి వేలితో తడిమి చూడండి. నున్నగా ఉన్న చోట పొక్కు తగిలినా, గోధుమ రంగు చుక్క కనిపించినా ఆలస్యం చేయకుండా ఆ చుక్క వరకూ గీకి, తుప్పు పోయే దాకా శుభ్రం చేసి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలు పెట్టండి.